ఫొటోలో పడనివాళ్ళు

కొండగెడ్డ జమీందారు గడిచిపోయిన కాలాన్ని ఫొటో తీసే కెమెరా ఒకటి తెప్పించాడు. గంటసేపు కదలకుండా ఉన్నదే అందులో పడుతుందని కెమెరావాడు ముందే చెప్పాడు.

ఊరి కాలవ తవ్వింది తమ తాతలేనని, నీళ్ళలో వాటా ఇమ్మని పాలెంవాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. కాలవ తవ్విన నాటి ఫొటో తీయించి, జమీందారు వాళ్ళందరినీ పిలిపించాడు. అందులో సగం తవ్విన కాలవ ఉంది, గట్టుమీద కుర్చీలో ఆయన తాత ఉన్నాడు. మరో మనిషి లేడు.

"ఇందులో మీవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? ఇక నీళ్ళ మాట ఎత్తకండి" అన్నాడు జమీందారు.

మట్టిపని చేసే నూకాలు ఫొటో అందుకుని తీరిగ్గా చూసింది.

"పెద్దదొరగారు బాగా పడ్డారు బాబూ. అంటే గంటసేపూ కుర్చీలోంచి కదల్లేదన్నమాట. మరి కాలవ ఎవరు తవ్వినట్టు? కదిలినోళ్ళే కదా. అందుకే మావోళ్ళు పడలేదు."

జమీందారు కెమెరావాడి వైపు చూశాడు. వాడు అవునన్నట్టు తలూపాడు.

ఆ సాయంత్రమే పాలెం వైపు తూము తలుపు ఎత్తి నీళ్ళు వదిలారు. జమీందారు కూడా గట్టుమీదికి వచ్చాడు. నౌకరు కుర్చీ తెస్తే వద్దన్నాడు.