చాటులో ఒకడు, గట్టు మీద ఒకడు

నేనంటే పక్షులకు పడదు.

గొప్పకి చెప్పడం లేదు. పద్నాలుగు ఆదివారాలు ఇసకమిట్ట మడుగుకి పోయాను. ఇంకా తెల్లవారకముందే పోయాను. ఆకుపచ్చ చొక్కా, ఆకుపచ్చ టోపీ పెట్టుకుని కూడా పోయాను. దారిలో ఒక మేక నా మోచెయ్యి వాసన చూసి ఆశపడింది గాని, పక్షులు మాత్రం మోసపోలేదు. నేను గట్టెక్కేసరికి మడుగు మడుగంతా ఒక్కసారి లేచిపోయేది. నా కెమెరాలో పడేది నీళ్ళు, ఆ నీళ్ళ మీద గుండ్రటి అలలు.

మా ఆవిడ సులోచన ఓపిగ్గా అన్నీ చూసి, "చెరువు బాగా పడిందండీ" అనేది.

నేను బస్సు డిపోలో టైంకీపర్ని. నేను మైకులో పిలిస్తే బస్సులే రావు, ఇక పక్షులేం వస్తాయి. ఫోటోలు తీయడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆ సంగతి చూసినవాళ్ళు అడక్కుండానే చెప్పేస్తారు. నాకు కావలసింది తెడ్డుమూతి కొంగ. తెల్లగా ఉంటుంది, ముక్కు చివర గరిటెలా వెడల్పు. ఆ ముక్కు నీళ్ళలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంటే పెళ్ళి వంటవాడు సాంబారు కలుపుతున్నట్టే ఉంటుందట. నేను చూడలేదు. నేను చూసినప్పుడల్లా అది ఎగురుతూనే ఉంది. ఎండలు ముదిరితే మడుగు ఇంకిపోతుంది, అవి వెళ్ళిపోతాయి. ఇంకో మూడు వారాలుంటే గొప్ప.

పదిహేనో ఆదివారం చెంగయ్యని ఆశ్రయించాను.

చెంగయ్య ఆ మడుగుకి కాపలాదారు. అరవై దాటాయి. మాట్లాడేది తక్కువ, దగ్గేది ఎక్కువ.

"అన్నా, నాలో లోపం ఏంది?"

"ఒక్కడివే వస్తా ఉండావు సామీ. అదే లోపం."

"ఒక్కణ్ణి చూస్తేనే పారిపోతా ఉంటే, ఇంకొకణ్ణి కూడా తెమ్మంటావా?"

"నేనుండాను లే. రా."

గట్టు కింద, నీళ్ళ అంచున, తాటాకులతో కట్టిన చిన్న చాటు ఉంది. ఇద్దరం వంగి అందులో దూరాం. మమ్మల్ని చూసి లేచిన కొంగలు అవతల తుమ్మచెట్ల మీద వాలి, మేం ఎప్పుడు కదులుతామా అని చూస్తున్నాయి. చెంగయ్య చాప పరిచి నన్ను కూర్చోబెట్టాడు.

"ఇంక నేను పోతా. నువ్వు కదలబాక."

"ఇప్పుడే గదన్నా వచ్చింది?"

"లోపలికి మనుషులు రావడం అవి చూసినాయి. బయటికి పోయేది కూడా చూడాల గదా. ఒకడు పోతే చాలు, లోపల ఎవురూ లేరనుకుంటాయి. వాటికి లెక్కలు రావు సామీ."

ఎర్ర తువ్వాలు భుజాన వేసుకుని, ఊరంతా వినపడేలా దగ్గుతూ, గట్టు మీద నిదానంగా నడిచిపోయాడు.

పది నిమిషాలు కాలేదు. ముందు రెండు, తర్వాత అయిదు, ఆ తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. నాకు పది అడుగుల దూరంలో దిగి, ముక్కులు నీళ్ళలో పెట్టి, నిజంగానే సాంబారు కలిపాయి. ఒకటి చిన్న చేపని పైకెగరేసి గుటుక్కున మింగి, నా వైపు చూసింది. ఇంకా కావాలా అని అడిగినట్టే ఉంది. నాలుగు గంటలు కూర్చున్నాను. నాలుగొందల ఫోటోలు తీశాను. కాళ్ళు తిమ్మిరెక్కి, చాటులోంచి పాకుతూ బయటికొచ్చి, చెంగయ్యని పట్టుకుని "నువ్వే నా గురువువి" అన్నాను.

"సరేలే, ముందు లేచి నిలబడు" అన్నాడు.

తర్వాతి శనివారం మా ఊళ్ళో పక్షుల పండగ జరిగింది. నా ఫోటో ఒకటి తలుపంత పెద్దది చేయించి పెట్టారు. దండ వేశారు. మైకు కూడా ఇచ్చారు. టైంకీపర్‌కి మైకు ఇవ్వకూడదు.

"నేనొక్కణ్ణే," అన్నాను. "నాలుగు గంటలు, ఒంటరిగా, ఊపిరి బిగబట్టి. ఓపిక ఉంటే పక్షి మనిషిని తనలో కలుపుకుంటుంది."

కూరలో ఉప్పు చాలకపోతే అర నిమిషం ఆగలేని మనిషి ఓపిక గురించి మాట్లాడుతుంటే సులోచన తల వంచుకుని గాజులు సర్దుకుంది. ఆఖరి వరసలో నిలబడ్డ చెంగయ్య మాత్రం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. అప్పుడైనా నాకు గుచ్చుకోవాలి. మెడలో దండ ఉంది కదా, గుచ్చుకోలేదు.

"బాగా మాట్లాడినావు సామీ," అన్నాడు బయటికొచ్చాక. "రేపు రా. ఇంక రెండు మూడు రోజులే, పోతాయి అవి."

తెల్లవారుజామునే పోయాను. ఆ రోజు నాకు ఒకే ఒక్క ఫోటో కావాలి. కొంగ రెక్కలు విప్పి, కాళ్ళు ముందుకు చాపి, నీళ్ళని తాకబోయే క్షణం. నా నాలుగొందలలో అది లేదు. వచ్చే ఆదివారానికి ఇవి ఉండవు, ఈ రోజు కాకపోతే మళ్ళీ ఏడాది దాకా లేదు.

ఇద్దరం చాటులో దూరాం. కెమెరా బయటికి తీశాను. చెంగయ్య చెయ్యి చాపాడు.

"ఇట్టియ్యి. ఈ పొద్దు నువ్వు పో."

"యాడికి?"

"తూము దాకా. నేను కూర్చుంటా."

"అన్నా, ఈ రోజు ఆఖరు గదా!"

"అందుకే."

"నీకు కెమెరా రాదు గదన్నా."

"నువ్వు నొక్కేది ఇన్ని వారాలుగా చూస్తానే ఉండా. ఆ మీటేదో నాకు తెలీకుండా ఉంటాదా? పో. ఎనక్కి తిరిగి చూడబాక. తిరిగితే వాటికి అనుమానం వస్తాది."

తువ్వాలు తీసి నా భుజాన వేశాడు.

గురువన్నది నేనే. ఇప్పుడు కాదనడానికి లేదు. గట్టెక్కి నడిచాను. మొదటి ఇరవై అడుగులు కోపంగా నడిచాను. కెమెరా ఖరీదు తలుచుకుని ఇంకో పది అడుగులు వేశాను.

అప్పుడు వెనక గాలి సుయ్యిమంది.

రెక్కలు. ఒకటి కాదు, ఒక గుంపు. నెత్తి మీదుగా నీడలు జారిపోయాయి. నీళ్ళు చప్ చప్ మన్నాయి. నాకు కావలసిన ఆ క్షణం సరిగ్గా నా వీపు వెనక, ఒకదాని తర్వాత ఒకటిగా జరిగిపోతోంది. మెడ దానంతటదే తిరగబోయింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. దూరం నుంచి చూసినవాళ్ళు పంటినొప్పి అనుకుని ఉంటారు.

తూము దగ్గర ఒక రాయి ఉంది. కూర్చునే చోట నున్నగా అరిగిపోయింది. కూర్చున్నాను. అక్కడికి మడుగు కనపడదు, గట్టు అడ్డం. ఎదురుగా వేరుశనగ చేను, ఒక కరెంటు స్తంభం. అంతే.

నేను చాటులో ఉన్న ఆ నాలుగు గంటలూ చెంగయ్య చూసింది ఈ స్తంభాన్నన్నమాట.

గట్టు అవతల నుంచి చప్పుళ్ళు వస్తూనే ఉన్నాయి. ముక్కులు నీళ్ళని చిలుకుతున్నాయి. బాతులేవో తగువులాడుకుంటున్నాయి. మధ్యలో ఒక పెద్ద చప్పుడు, వెంటనే పక్షులన్నీ ఒకేసారి అరిచాయి. ఎవరి చేపనో ఎవరో కొట్టేసి ఉంటారు. నాకు నవ్వొచ్చింది. స్తంభానికి ఎదురుగా కూర్చుని ఒక్కణ్ణే పకపకా నవ్వాను.

పొద్దెక్కాక చెంగయ్య వచ్చి కెమెరా నా ఒళ్ళో పెట్టాడు.

"ఒక్కటే నొక్కినా. పడిందో లేదో చూడు."

చూశాను. ఫోటో ఒక పక్కకి ఒరిగి ఉంది. మూలన తాటాకు కూడా పడింది. మధ్యలో పదకొండు తెడ్డుమూతి కొంగలు, రెక్కలు విప్పి, కాళ్ళు చాపి, నీళ్ళకి జానెడు ఎత్తులో ఉన్నాయి. వాటి వెనక, గట్టు మలుపులో, ఎర్ర తువ్వాలు వేసుకుని, రెండు చేతులతో మెడ పట్టుకుని పోతున్న ఒక మనిషి.

ఆ మనిషి మీద వేలు పెట్టి చూపించాను.

"అన్నా, కెమెరా ఒక్క బెత్తెడు జరిపి ఉంటే కొంగలు మాత్రమే పడేటివి గదా. నేనెందుకు ఇందులో?"

చెంగయ్య నా భుజం మీది తువ్వాలు తీసుకుని దులుపుకున్నాడు.

"జరిపి చూసినా సామీ. అప్పుడు అవి ఎందుకు దిగినాయో తెలీడంలా."