వరండా నడక

శశిభూషణ్ ఆపరేషన్ థియేటరు తాళాలు తెచ్చి గురువుగారి బల్ల మీద పెట్టాడు.

"ఇక కత్తి పట్టనండి. నన్ను పంపించెయ్యండి."

దైవసహాయం గారు ఆ మిషనాసుపత్రికి పెద్ద సర్జను. శశిభూషణ్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. చెయ్యి మంచిదని పేరొచ్చింది. పేరొచ్చాక కళ్ళు నెత్తికెక్కడానికి ఎంతసేపు?

గురువుగారికి ఒక అలవాటుంది. ఆపరేషన్‌కి ముందు రోగిని వార్డు నుంచి వరండా పొడుగునా తనతో నడిపించేవారు. మధ్యలో ఆగి ఆయాసపడితే వెనక్కి పంపి, ఒంట్లో రక్తం పట్టాక చేద్దామనేవారు. రిపోర్టులుండగా ఈ చాదస్తమేమిటని శశిభూషణ్ లోపల నవ్వుకునేవాడు.

కిందటి వారం ఆయన ఊళ్ళో లేరు. వార్డులో ఉన్న పైడమ్మకి గర్భసంచిలో గడ్డ. నెలనెలా రక్తం పోయి మనిషి పాలిపోయింది. రిపోర్టులోనూ రక్తం బాగా తక్కువని ఉంది. నా చేతిలో చుక్క పోదులే అనుకున్నాడు శశిభూషణ్. పాపం, నడవడమెందుకని స్ట్రెచర్ బండి మీద తోయించాడు. పైడమ్మ సిగ్గుపడి నవ్వింది.

అనుకున్నట్టే రక్తం పెద్దగా పోలేదు. కుట్లు ముచ్చటగా పడ్డాయి. మర్నాడు పైడమ్మకి ఆయాసం ఎక్కువైంది. ఉన్న కాస్త రక్తంతో గుండె ఎంతసేపని లాగుతుంది? పట్నం నుంచి రక్తం వచ్చేలోగా ప్రాణం పోయింది.

గురువుగారు తాళాలు ముట్టుకోలేదు.

"ఇవాళ సన్నెమ్మకి ఆపరేషన్ పెట్టావుగా. నడిపించుకురా. తర్వాత వెళ్దువుగాని."

సన్నెమ్మదీ అదే జబ్బు. శశిభూషణ్ పక్కన నడుస్తుంటే గురువుగారు వెనకాల వచ్చారు. సగం దూరం కూడా పోకముందే ఆమె స్తంభం పట్టుకుంది.

"కూసింతసేపు నిలబడతాను బాబూ. ఎల్లిపోదాం."

స్తంభం మీది ఆ వేళ్ళకేసి చూశాడు శశిభూషణ్. గోళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నాయి. అలాంటి గోళ్ళు అతను కిందటి వారమే చూశాడు, దుప్పటి మీద. అతనికి దుఃఖం ఆగలేదు.

గురువుగారు సన్నెమ్మని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆమె ఊపిరి కుదుటపడేదాకా పక్కనే నిలబడ్డారు.

"ఇవాళ్టికి ఇక్కడిదాకానే. వార్డుకి తీసుకెళ్ళు."

శశిభూషణ్ కదల్లేదు.

"పైడమ్మ ఎక్కడిదాకా వచ్చేదండీ?"

"అది ఇక మనకి తెలీదు," అన్నారు గురువుగారు.