కొండమీది తల్లి పేరు

కురమోచి గురువుకు వాదించే అలవాటు లేదు. జపాన్‌లోని ఒక కొండప్రాంతంలో పెద్ద షింతో ఆలయానికి ఆయన ప్రధానార్చకుడు. అర్చకులు కరువై, చుట్టుపక్కల పదకొండు చిన్న గుళ్ళ బాధ్యత కూడా ఆయన మీదే పడింది. ఒకరోజు శిష్యుడు హోసకా ఆయన ముందు ఒక కాగితం పెట్టి అడిగాడు:

"గురువుగారూ, ఆలయాల హోదాలను రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఎత్తేశారు. అర్చకులకు మాత్రం శ్రేణులున్నాయి. మరి గుళ్ళలో ఏది పెద్దదో, ఏది చిన్నదో దేన్నిబట్టి చెప్పాలి?"

ఆ పదకొండింటిలో ఒకటైన కొండమీది గుడిని పెద్ద ఆలయంలో కలిపేయమని ఆలయాల సంఘానికి అతను రాసిన విన్నపమది. ఆ గుడికి పూర్వం కూడా ఏ హోదా లేదు. ఇప్పుడు దాన్ని కొలిచేవి నాలుగే ఇళ్ళు.

గురువు కాగితం ముట్టుకోలేదు. "రేపు అక్కడ కొత్తబియ్యం పండుగ. ఈసారి నువ్వు చేసిరా," అన్నాడు.

హోసకా ఆ మధ్యే పై శ్రేణికి ఎక్కాడు. దానికి గుర్తైన ఊదారంగు వస్త్రం కట్టుకుని కొండెక్కాడు. మెట్లన్నీ ఊడ్చి ఉన్నాయి. ఏడుగురు ముసలివాళ్ళు తలలు వంచి నిలబడ్డారు. అతను ప్రార్థనపత్రం విప్పి గొంతెత్తాడు. దేవత పేరు కోసం ఖాళీగా వదిలిన చోటికి వచ్చేసరికి ఆగిపోయాడు. విన్నపంలో ఆ గుడిని 'తొమ్మిదో ఉపాలయం' అని రాశాడే తప్ప, లోపల ఎవరున్నారో కనుక్కోలేదు. వెనక ఎవరో దగ్గారు. కంగారులో పెద్ద ఆలయపు దేవుడి పేరు పలికేసి ముగించాడు.

ప్రసాదం పంచుతుంటే తోమె అనే అవ్వ దగ్గరికొచ్చి, మిగతావాళ్ళకు వినబడకుండా అంది: "అయ్యా, మీ దేవుణ్ణి కూడా పిలిచారు, సంతోషం. మా తల్లిని కూడా ఒక్కసారి పిలవరూ? పొద్దుటినుంచీ కాచుకుని ఉంది."

హోసకా ముఖం చెవులదాకా కందిపోయింది. ఊరికే తలూపి తప్పించుకోవచ్చు. కానీ పేరు తెలియదే!

"అమ్మా... ఆ తల్లి పేరేమిటి?"

అవ్వ చెప్పింది. ఊట నీటిని కాపాడే ఇజుమి హిమె. అతను మళ్ళీ గుడివైపు తిరిగి, మొదటినుంచీ చదివాడు. ఈసారి గొంతు అంతగా లేవలేదు.

సాయంత్రం గురువు ముందు జరిగినదంతా తలెత్తకుండా చెప్పాడు. విన్నపాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిలోనే నలిపేశాడు. చీవాట్ల కోసం ఎదురుచూశాడు.

గురువు ఆ నలిగిన కాగితాన్ని అందుకుని పక్కన పెట్టి అన్నాడు: "తోమె అవ్వ నీకు మొదటి ఏడాదే ఆ పేరు చెప్పిందా? నాకు నాలుగో ఏటగానీ చెప్పలేదు."