నిద్రపోయే లోయకి దరువెందుకు

కొండ దిగువన ఏటికి అడ్డంగా జంతువులన్నీ కలిసి కట్ట కడుతున్నాయి. వానలు ముంచుకొస్తున్నాయి. ఈలోగా కట్ట లేవకపోతే వచ్చే ఎండాకాలం అడవంతా నాలుక పిడచగట్టుకుని చావాల్సిందే.

వడ్రంగిపిట్ట టేకుమాను మీద "టక్... కుం" అని దరువు కొట్టేది. దారి చీలినచోట కూర్చున్న గోరింక దాన్ని అందుకుని రెండు లోయలకీ అరిచేది. అక్కణ్ణించి చిలకలు కొమ్మకొమ్మకీ మోసేవి. ఒక లోయలో ఏనుగులు ఆ దరువుకి దుంగలు లాగితే, రెండో లోయలో కుందేళ్ళు కట్ట మీద మట్టి తొక్కేవి. అరిచే ప్రతి నోటికీ గుప్పెడు రేగుపళ్ళు. పంచేది నక్క. పంచినప్పుడల్లా నాలుగు దాని నోట్లోకే పోయేవి.

దుంగ వచ్చేదాకా కుందేళ్ళకి పనిలేదు, పడుకునేవి. వాటి నెత్తిన చిలకలు ఊరికే గొంతు చించుకునేవి. ఏనుగులూ తినాల్సిన పళ్ళ రాశి అడుగంటింది. ఇక ఏనుగులకి పస్తే.

గోరింక కుందేళ్ళ వైపు అరవడం మానేసింది. అటు చిలకలూ రెక్కలు ముడుచుకున్నాయి.

పంపకం తగ్గితే తన నోటికీ తగ్గుతుందని నక్క పరుగెత్తుకొచ్చింది. "ఏమ్మా, గొంతు పట్టేసిందా?"

"నా గొంతుకేం, ఏనుగుల వైపు వెళ్ళి విను. గురకపెట్టేవాళ్ళకి దరువెందుకు మామా?"

"వాళ్ళు లేచేసరికి సగం దరువు అందితే? సగంమంది ముందు తొక్కితే కట్ట జారిపోతుంది. పెద్దమ్మా, వింటున్నావా?"

ఏనుగు పెద్దమ్మ దుంగ దించింది. "అదీ నిజమేనే పిల్లా. కట్ట జారిందంటే నిన్ను ఆ కొమ్మ మీద ఉండనివ్వను."

"ఉండను. దుంగ వచ్చిందిగా, ఇప్పుడే చూడు."

కుందేళ్ళని లేపితే కట్ట మీద వరసగా నిలబడ్డాయి. నక్క అంచున చేరింది. వడ్రంగిపిట్ట "టక్" అందో లేదో, "కుం" రాకముందే, "వదులు, దరువు ఇటు వదులు" అని నక్క గోరింకకి కేకేసింది. తనని చూసి కుందేళ్ళూ ఎత్తుతాయని ముందుగా తానే కాలెత్తింది.

గోరింక ముక్కు విప్పలేదు. ఆ "కుం" కూడా అందుకోకుండా పోనిచ్చింది. దరువుకీ దరువుకీ నడుమ సందులో గొంతు సర్దుకుని, తర్వాతి దరువుని నిండుగా పంపింది. కుందేళ్ళ కాళ్ళన్నీ ఒక్కసారే పడ్డాయి. కట్ట బిగిసింది. ఒంటికాలి మీద తూలుతున్న నక్క ఆ అదురుకి జారి పీకలదాకా బురదలో దిగబడింది.

"సగం దరువుకి కాలెత్తింది నువ్వొక్కడివే మామా," అంది గోరింక మెడ నిక్కించి.

పెద్దమ్మ నవ్వు ఆపుకోలేదు. "దరువు ఎటు పంపాలో, ఎటు ఆపాలో ఇక నీ ఇష్టమే పిల్లా. పళ్ళు పంచేదీ నువ్వే."

వానలకి ముందే కట్ట లేచింది. ఏనుగుల కడుపులూ నిండాయి.

సెల్‌ఫోను చిప్పులో అన్ని మూలలనీ ఒకేసారి కదిలించే గడియారపు దరువు మోయించేవాళ్ళూ వినండి: నిద్రపోయే మూలకి దరువు పంపితే, కరిగిపోయేది పనిచేసే మూలకి దక్కాల్సిన కరెంటే.