గోదాలో రాజుగారి కాలు

ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, చెబితే వాళ్ళ మునిమనవలు నా మీదికొస్తారు. ఒకానొక రాజ్యంలో రణభీముడనే రాజు ఉండేవాడు. పేరు చూసి మోసపోయేరు! ఆయన జన్మలో చేసిన యుద్ధమల్లా పల్లకీ ఎక్కేటప్పుడు పంచెతోనే.

ఆ కొలువులో కుస్తీలకు తీర్పరి చెంగప్ప. మనిషి పొట్టి, గొంతు సన్నం, కోపం మాత్రం దండిగా ఉండేది. దొంగపట్టు కంటపడితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది.

"తీర్పరంటే గొంతు విప్పితే ఏనుగులు బెదరాలి. ఈ పిట్టగొంతేమిటయ్యా!" అని రాజు నిండుసభలో వెక్కిరించేవాడు. చెంగప్ప పళ్ళు నూరుకుని ఊరుకునేవాడు.

ఆ ఏడు దసరా కుస్తీల్లో గెలిచినవాడికి కోట తాలింఖానాలో కుస్తీపట్లు నేర్పే గురువు పదవి ఇస్తామని చాటించారు. చివరి జోడీలో ఒకవైపు రాజుగారి బావమరిది తిమ్మరాజు, ఇంకోవైపు ఉప్పుమూటలు మోసే ఓబులేసు.

చెంగప్ప ఎప్పటిలాగే ముందు కట్టుబాటు వినిపించాడు. "వీపుకు గోదా మన్ను అంటితే ఓటమి. జోడీ కానివాడు, తీర్పరి కానివాడు గోదాలో కాలు పెడితే గెలిచినవాడితో తలపడాల్సిందే. రాజైనా సరే, బంటైనా సరే!"

పూర్వం ఓడినవాడి చుట్టాలు కర్రలు పట్టుకుని గోదాలోకి దూకేవాళ్ళట. అందుకని రాజుగారి తాతే పెట్టిన కట్టుబాటది. రాజు తాంబూలం నములుతూ తలూపాడు. విన్నాడా అంటే, ఆయనేం వింటాడు!

ఇలా పట్టు పట్టారో లేదో, ఓబులేసు తిమ్మరాజును అమాంతం ఎత్తి కుదేశాడు. తిమ్మరాజు వీపంతా ఎర్రమన్ను. చెంగప్ప ఓబులేసు చెయ్యి పైకెత్తబోయాడు.

"ఆగు!" అన్నాడు రాజు వేదిక మీంచి. "మా బావమరిది కాలుజారి పడ్డాడంతే. గెలుపు అతనిదే. అతని చెయ్యి ఎత్తు."

"వీపు చూడండి ప్రభూ."

"వీపుతో నాకేం పని? ఎత్తుతావా, పదవి ఊడబెరకమంటావా?"

ఓబులేసు తల దించుకున్నాడు. "పోనీలెండయ్యా, నా మూలాన మీకెందుకు ఈ తిప్పలు" అని గొణిగాడు.

ఆ మాటకి చెంగప్పకు ఒళ్ళు భగ్గుమంది. గెలిచినవాడు తల దించుకోవడమా! అదీ నా గోదాలోనా! ఛీ, నా బతుకు, అనుకున్నాడు. గట్టిగా అరవాలనిపించింది. కానీ ఈ గొంతుతో అరిస్తే రాజు పగలబడి నవ్వుతాడు. అందుకని కోపాన్ని దిగమింగి చేతులు జోడించాడు.

"ప్రభూ, నా గొంతు సంగతి తమరెరగనిదా? నేను చెబితే ఈ జనం నమ్మరు. తమరే దయచేసి తిమ్మరాజుగారి చెయ్యి ఎత్తండి. తీర్పు ఎలా చెప్పాలో మేమూ చూసి నేర్చుకుంటాం."

రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. మీసం దువ్వుకుంటూ వేదిక దిగి, ఠీవిగా నడిచొచ్చి, గోదాలో కాలు పెట్టాడు.

అంతే, చెంగప్ప జోడీ మొదలెట్టే శంఖం అందుకుని పూరించాడు. "జోడీ! ఓబులేసుతో రణభీమ మహారాజు!"

"ఏమిట్రా ఆ వాగుడు!"

"తమ తాతగారి కట్టుబాటు ప్రభూ. ఇందాక తలూపారు కదా. పంచె బిగించండి."

ఓబులేసు నోరెళ్ళబెట్టి చూస్తున్నాడు. "నన్నేం చూస్తావయ్యా, తొడగొట్టు!" అని కసిరాడు చెంగప్ప. ఓబులేసు కొట్టాడు. ఆ చప్పుడుకే రాజుగారి కిరీటం పక్కకు జారింది.

"చెంగప్పా! ఆపు! జోడీ ఆపు!"

"నేనెవణ్ణి ఆపడానికి? తీర్పరి మాట చెల్లితే జోడీ ఆగుతుంది. చెల్లదని తమరే తేల్చేశారాయె!"

ఓబులేసు ఒకడుగు ముందుకేశాడు.

"చెల్లుతుంది! గోదాలో తీర్పరి మాటే చెల్లుతుంది!" అని రాజు గావుకేక పెట్టాడు. గొంతు నిజంగా గొప్పదే, చివర కూర్చున్నవాళ్ళక్కూడా వినబడింది.

"ఇందాకటి తీర్పు కూడానా?"

"అదీ చెల్లుతుంది నాయనా!"

చెంగప్ప ఓబులేసు చెయ్యి పైకెత్తాడు. జనం ఈలలు వేశారు. ఓబులేసు ఇప్పుడు తలెత్తి నిలబడ్డాడు.

రాజు చెమట తుడుచుకుని, తిమ్మరాజు ఎర్రటి వీపు వంక చూసి, ఇక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. "మా తాతగారి చేత నన్నే పడగొట్టించావు కదయ్యా!" అంటూ తన శాలువ తీసి చెంగప్పకు కప్పబోయాడు.

చెంగప్పకు కోపం ఇంకా దిగలేదు.

"శాలువ తర్వాత ప్రభూ," అన్నాడు ఆ పిట్టగొంతుతోనే. "ముందు గోదాలోంచి కాలు తియ్యండి."

రాజు తీశాడు.