సన్నాసమ్మ తలలో మూడు పేలు

ఎప్పటి మాటో అడిగితే ఎవరూ చెప్పలేరు. మీ మామ్మకి మామ్మ ఉయ్యాల్లో ఊగేనాటికే ఈ కథ పాతది.

ఏటొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో సన్నాసమ్మ అనే ముసలామె. గేదె కొమ్ము కోసి, అరగదీసి, ఈరుపెనలు చేసేది. ఈరుపెన అంటే పళ్లు ఇరుకిరుగ్గా ఉండే పేల దువ్వెన. పళ్ల సందున వెంట్రుక దూరాలి, పేను గుడ్డు, అదే ఈపి, దూరకూడదు. దూరిందా, ఆ దువ్వెన పొయ్యిలోకే. "నా తలలో పేను చూసినోళ్లు ఇంకా పుట్టలేదు" అనేది. నిజమే, ఆమె తల గోక్కోగా ఎవరూ చూడలేదు.

ఒక ఏడాది ఊళ్లో పిల్లలందరికీ పేలు పడ్డాయి. మునసబు భార్య అరుగెక్కి, "ఇది కుమ్మరోళ్ల ముత్యాలు తెచ్చిన పీడ. తల్లి లేని పిల్ల, తల చూసే దిక్కేది? దానికి గుండు గీయించండి" అంది.

ముత్యాలుకి మోకాళ్ల దాకా జుట్టు. ఆ జుట్టు తల్లి పెంచింది. పిల్ల జడ గుండెకి హత్తుకుని వచ్చి సన్నాసమ్మ గుమ్మంలో కూలబడింది.

సన్నాసమ్మ మునసబు ఇంటికెళ్లింది. "మూడు ఆదివారాలు గడువియ్యండి, అమ్మగోరూ. అప్పటికీ పోకపోతే మంగలిని నేనే పిలుస్తాను."

మొదటి ఆదివారం ముత్యాలు ఏడుస్తూ కూర్చుంది. "మామ్మా, అందరూ నా వల్లే అంటన్నారు."

"తల ఇటు పెట్టు, మాట అటు పెట్టు."

నూనె రాసింది. తెల్లగుడ్డ పరిచింది. పాయ పాయా తీసి దువ్వింది. పెద్ద పేలన్నీ రాలాయి. ఊరు ఊరంతా ఆమె దగ్గర ఈరుపెనలు కొని పిల్లల్ని కూర్చోబెట్టింది.

రెండో ఆదివారం ముత్యాలు నవ్వుతూ వచ్చింది. "పోయాయి కదా మామ్మా?"

"ఈపులు మిగిలుంటాయే. వారం తిరిగేసరికి పిల్లలవుతాయి. తల ఇటు పెట్టు, మాట అటు పెట్టు."

గుడ్డ మీద పిల్లపేలు రాలాయి. వాటి పక్కన పెద్ద పేలు. సన్నాసమ్మ ముఖం ముడుచుకుంది. "వారంలో ఇంత ఎదగవు. ఇవి ఇంకో తలలోంచి వచ్చాయి. ఎవరితో ఆడతన్నావే?"

"మునసబు గారి చిట్టితో. తలా తలా ఆనించి గవ్వలాడతాం."

ఈరుపెన కొనని ఇల్లు అదొక్కటే. సన్నాసమ్మ అక్కడికెళ్లి సంగతి చెప్పింది.

"మా ఇంటి తలల్లో పేలేటే?" అని మునసబు భార్య తలుపేసుకుంది.

మూడో ఆదివారం పొద్దున్నే దువ్వితే గుడ్డ మీద మళ్లీ పెద్దవి మూడు. మునసబు అరుగు ముందు మంగలి అప్పటికే కత్తి నూరుతున్నాడు. సన్నాసమ్మ ఆ మూడింటినీ చంపలేదు. వేలితో ఏరి తన తలలో వేసుకుంది. ముత్యాలు నోరు తెరిచి చూసింది.

ఊరంతా చూస్తుండగా సన్నాసమ్మ అరుగు కింద కూర్చుని ముడి విప్పింది. "అమ్మగోరూ, నా తల ఓపాలి చూడండి. నా చేతికి అందవు."

మునసబు భార్య వంగి వెతికింది. "ఒకటి. రెండు. మూడు." జనం గొల్లున నవ్వారు. "ఈరుపెనల సన్నాసికే పేలు!"

సన్నాసమ్మ తల ఎత్తలేదు. "ఉన్నాయి. ఎవరి దగ్గర్నించి వచ్చాయో నేనడగను. మరి నాకూ గుండు గీస్తారా?"

నవ్వు ఆగిపోయింది. లోపల్నించి చిట్టి పరిగెత్తుకొచ్చి ఆమె ముందు కూర్చుంది. "మామ్మా, నాకూ దురదే. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది."

మునసబు భార్య చెయ్యి తెలియకుండానే తన కొప్పులోకి వెళ్లి గోకింది.

"తల ఇటు పెట్టండి, మాట అటు పెట్టండి," అంది సన్నాసమ్మ.

సాయంత్రానికి ఊరంతా ఒకరి వెనక ఒకరు కూర్చుని దువ్వుకున్నారు. మంగలి కత్తి మూసుకుని తనూ ఆ వరసలో కూర్చున్నాడు. ఇంకో రెండు ఆదివారాలు అలాగే దువ్వుకుంటే పేలు పోయాయి. ముత్యాలు జడ నిలిచింది. సన్నాసమ్మ మాత్రం మునసబు ఇంట చచ్చేదాకా మంచినీళ్లు ముట్టలేదు.

ఆమె పోయాక, ఆ మూడు పేలు ఎక్కడివో ముత్యాలు ఊరికి చెప్పింది.

అందుకే ఇప్పటికీ ఆ ఊళ్లో పిల్లలకి పేలు పడితే ఎవరి వల్లని అడగరు. ముందు ఇంట్లో పెద్దావిడ ముడి విప్పి తల వంచుతుంది. పిల్లలు వెతుకుతారు. ఒక్కటీ కనబడకపోయినా సరే, "మూడున్నాయి మామ్మా" అంటారు.