దూదిగాడి హాజరు

వాగు పక్కన ఇసుకమేట మీద నెమలి పంతులుగారి బడి. ఆయనకు పాఠం చెప్పడం కన్నా, చెబుతున్నంతసేపూ పిల్లలు తనను చూస్తూ ఉండడం ఇష్టం. ఈ మాట ఆయన దగ్గర అనకండి. బడిలో ఒక్కో పిల్లకు ఒక్కో మోదుగాకు ఉండేది. పొద్దున్నే పంతులుగారు పేరు పిలుస్తారు. "వచ్చానండీ" అన్నవాళ్ల ఆకుకు ముక్కుతో ఒక చిల్లు పొడుస్తారు. హాజరంటే అదే.

ఆ బడిలోనే చదువుతుండేవాడు దూదిగాడనే కుందేలు పిల్ల. చెవులైతే వాడి ఒంటికన్నా పొడుగు గానీ, పుట్టుకతోనే ఒక్క శబ్దమూ వినపడదు.

వానాకాలం మొదట్లో పంతులుగారు వాడి ఇంటికి కబురు పంపారు. దూదిగాడు ఈ ఏడు ఒక్క రోజు కూడా బడికి రాలేదట, ఇక మీదట రానక్కర్లేదట.

తండ్రి పరుగయ్య అదీ మంచిదే అన్నాడు. డేగ వస్తే ఎవరు కేక పెట్టినా వీడికి వినపడదు, బొరియలోనే ఉంచేద్దామన్నాడు. తల్లి జాజమ్మ ససేమిరా అంది. బొరియలో పెంచడానికి వాడేమన్నా దుంపా అని అడిగింది. మాట మీద మాట పెరిగి, ఆ చెవులు మీ వైపువంటే మీ వైపువనే దాకా వచ్చింది. మూడు రోజులు మొగుడూ పెళ్లాం చెరో వైపు తిరిగి గరిక నమిలారు.

నాలుగో రోజు పిల్లాణ్ణి తీసుకుని నల్లమ్మ దగ్గరికి వెళ్లారు. నల్లమ్మ ముసలి గేదె. ఇంట్లో తగవు తీర్చాలన్నా, పిల్లల తరఫున పెద్దలతో మాట్లాడాలన్నా అక్కడ అందరికీ ఆమే దిక్కు. ఆమె పద్ధతి ఒకటే. విన్నదాన్ని గడ్డితో పాటు నెమరు వేస్తే గానీ జవాబు చెప్పదు. అంతసేపూ ఎదుటివాళ్లు నోరు మెదపకూడదు.

ఇద్దరూ తమ తమ గోడు చెప్పుకున్నారు. నల్లమ్మ నెమరు మొదలుపెట్టింది. దూదిగాడు ఆమె వీపెక్కి జారాడు, మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. చూసి చూసి పరుగయ్యకు నవ్వొచ్చింది. జాజమ్మ కూడా నవ్వింది. వాళ్ల కోపం దిగాకే నల్లమ్మ నోరు విప్పింది.

"ఇద్దరూ పిల్లాడి గురించి చెప్పారు, బాగానే ఉంది. వాణ్ణి అడిగారా?"

"ఎట్లా అడుగుతాం అత్తా? పిలిస్తే పలకడు కదా," అంది జాజమ్మ.

నల్లమ్మ గిట్టతో నేలను ఒక్కటి తన్నింది. అటు తిరిగి బురదలో ఆడుకుంటున్న దూదిగాడు గిరుక్కున ఇటు తిరిగాడు.

"వాడికి వినపడిందా?" అన్నాడు పరుగయ్య.

"లేదురా. కాళ్లకు తెలిసింది. ఇన్నాళ్లూ మీరు మూసి ఉన్న తలుపే కొడుతున్నారు."

ఆమె బడి దారి వైపు మూతి చూపించి, ఏమంటావన్నట్టు తల ఆడించింది. దూదిగాడు వెనక్కి చూడకుండా ఆ దారిన గెంతుకుంటూ పోయాడు. జవాబు వచ్చిందిగా, నడవండి అంటూ నల్లమ్మ కదిలింది.

బడి దగ్గర పంతులుగారు చిల్లు లేని దూదిగాడి మోదుగాకు తెచ్చి ముందు పెట్టారు.

"చూడండి నల్లమ్మగారూ. ఒక్క రోజంటే ఒక్క రోజు రాలేదు. పైగా మహా అల్లరి. ఈ నెలలోనే మూడుసార్లు పాఠం మధ్యలో లేచి ముళ్లపొద కిందికి ఉరికాడు. వాడి వెనకే తరగతంతా. పురి విప్పుకుని నేనొక్కణ్ణీ నిలబడ్డాను."

నల్లమ్మ తీరిగ్గా నెమరు వేసింది. పంతులుగారు రెండుసార్లు ఈకలు సర్దుకున్నారు.

"బడికే రానివాడు పాఠం మధ్యలో ఎట్లా ఉరికాడు పంతులుగారూ?"

రాలేదంటే అల్లరి చేయనట్టే, అల్లరి చేశాడంటే వచ్చినట్టే. చివరికి పంతులుగారు, వచ్చేవాడే గానీ పేరు పిలిస్తే పలికేవాడు కాదని గొణిగారు.

"సరే, వచ్చాడు. మరి ఎందుకు ఉరికాడు?"

అది ఆయనకు తెలియదు. ముందు వరసలోంచి ఉడుత పిల్ల లేచింది.

"డేగ వచ్చిందండీ. మేమందరం మీ పురి చూస్తున్నాం. దూదిగాడు ఇసుక మీద దాని నీడ చూశాడు. మూడుసార్లూ వాడే."

పరుగయ్య కొడుకును దగ్గరికి లాక్కుని ఆ పొడుగాటి చెవులను ముద్దు పెట్టుకున్నాడు.

"ఈ చెవులు మా వైపువే అత్తా," అన్నాడు.

"కళ్లు మాత్రం మా వైపువి," అంది జాజమ్మ.

ఇక మీదట దూదిగాడి పేరు నోటితో పిలుస్తూ, కాలితో నేల తట్టి కూడా పిలవాలని నల్లమ్మ చెప్పింది. అది తన హోదాకు తగదన్నారు పంతులుగారు. మీ అడుగుల అందం పిల్లలు చూడాలి కదా అని ఆమె అనగానే ఒప్పుకున్నారు. పాత హాజరంతా ఆ సాయంత్రమే వేయాల్సి వచ్చింది. పొడిచి పొడిచి ఆయన ముక్కు నొప్పెట్టింది, మోదుగాకు జల్లెడైపోయింది.

మర్నాడు పంతులుగారు నాట్యమాడినట్టు అడుగేసి దూదిగాడి పేరు పిలిచారు. దూదిగాడు రెండు కాళ్లతో నేలను దడదడలాడించాడు. ఆ వెంటనే పొద వెనక నుంచి ఇంకో దడదడ వినిపించింది. చూస్తే పరుగయ్య. పెద్దవాళ్లకు హాజరు వేయనని పంతులుగారు కసిరారు గానీ, ఒక చిల్లు ఎక్కువే పొడిచారు.

పలకని పిల్లలంటూ ఎవరూ ఉండరు, మనకు పిలవడం రాకపోవడమే ఉంటుంది.